గనిలోనా, ఫ్యాక్టరీలోనా, మన చేతిలోనా: వస్తువు జీవితంలో ఏ దశ భారం ఎక్కువ?

ఎలక్ట్రిక్ కారు మాట ఎత్తితే చాలు, కూర్చున్నవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. "పొగగొట్టమే లేని బండికి కాలుష్యం ఎక్కడిది?" అంటారు ఒకరు. "బ్యాటరీ చేసేటప్పుడు వచ్చిన పొగ ఎవరి ఖాతాలో రాస్తారు?" అంటారు ఇంకొకరు. తమాషా ఏమిటంటే ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు రోడ్డు మీది కారును చూస్తున్నారు, రెండోవారు ఫ్యాక్టరీలో ఉన్న కారును చూస్తున్నారు. గుడ్డ సంచి మేలా ప్లాస్టిక్ సంచి మేలా, పాత ఫ్రిజ్ మార్చేయాలా ఉంచుకోవాలా అన్న వాదాలూ ఇలాగే నడుస్తాయి. వీటన్నిటి అడుగునా ఉన్న ప్రశ్న ఒకటే: వస్తువు పుట్టిన దగ్గర్నుంచి చెత్తలో కలిసేదాకా ఉన్న దశల్లో అసలు భారం ఎక్కడ పడుతోంది?

ఒకే పేరు, రెండు శాస్త్రాలు

ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. "ఉత్పత్తి జీవితచక్రం" అన్న మాటను రెండు వర్గాలవారు రెండు అర్థాల్లో వాడతారు. వ్యాపార నిర్వహణ చదివినవారికి అది అమ్మకాల కథ: మార్కెట్లోకి ప్రవేశం, ఎదుగుదల, పరిణతి, క్షీణత. మార్కెటింగ్ ఆచార్యుడు థియోడర్ లెవిట్ 1965లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. పదకొండేళ్ల తర్వాత అదే పత్రికలో ఇంకో ఇద్దరు రచయితలు, ఈ భావన కంపెనీలను తప్పుదారి పట్టిస్తోంది, వదిలేయండి అని వాదించారు. ఆ గొడవ మనకిప్పుడు వద్దు.

పర్యావరణం లెక్కలు కట్టేవారి జీవితచక్రం వేరు. అక్కడ కథ బ్రాండుది కాదు, వస్తువుది. ముడిసరుకు తవ్వడం లేదా పండించడం, తయారీ, రవాణా, వాడకం, చివరికి పారేయడమో కరిగించి మళ్లీ వాడటమో. ప్రతి దశలో ఎంత శక్తి, ఎంత నీరు పోయింది, గాలిలోకీ మట్టిలోకీ ఏం వెళ్లింది అని లెక్క రాయడాన్ని జీవితచక్ర మదింపు అంటారు. దీనికి తొలి ఉదాహరణగా అందరూ చెప్పేది 1969లో కోకా-కోలా కంపెనీ అమెరికాలోని మిడ్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌తో చేయించిన అధ్యయనం. పానీయాన్ని ఏ రకం సీసాలో, డబ్బాలో పోస్తే వనరుల ఖర్చు ఎంత అన్నది దాని ప్రశ్న. ఆ తర్వాత ఎవరి పద్ధతిలో వారు లెక్క కడుతూ పోవడంతో ఉమ్మడి నియమాలు కావలసి వచ్చాయి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్‌ఓ) వారి 14040 ప్రమాణం 1997లో వచ్చింది, 2006లో దాన్ని తిరగరాశారు.

ఈ లెక్కల్లో రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఒకటి హద్దు. ఫ్యాక్టరీ గేటు దాకా లెక్క కట్టి ఆపేస్తే ఒక జవాబు వస్తుంది, పురిటి నుంచి కాటి దాకా కడితే మరో జవాబు వస్తుంది. రెండోది ఫంక్షనల్ యూనిట్, అంటే వస్తువు చేసే పనికి కొలత. బల్బుకు బల్బు పోల్చడం అన్యాయం. అంతే వెలుగును అన్నే గంటలు ఇవ్వడానికి ఏది ఎంత తింటుందో పోల్చాలి. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సుమారు 1,000 గంటలు వెలుగుతుంది. దాదాపు అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ 25,000 గంటలు వస్తుందనుకుందాం. అప్పుడు పోలిక ఒక ఎల్‌ఈడీకీ 25 పాత బల్బులకూ మధ్య. పాతవి తినే కరెంటు 1,500 యూనిట్లు, ఎల్‌ఈడీ తినేది 225 యూనిట్లు.

వాడేటప్పుడు తింటుందా, ఊరికే ఉంటుందా?

బల్బు ఉదాహరణలోనే సగం జవాబు ఉంది. అమెరికా ఇంధన శాఖ 2012లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, సమాన వెలుగుకు ఎల్‌ఈడీ జీవితమంతా కలిపి వాడే శక్తి పాత బల్బు శక్తిలో దాదాపు నాలుగో వంతు. రెండిటిలోనూ సింహభాగం వెలుగుతున్నప్పుడు పోయిందే. తయారీ, రవాణా కలిపినా చిన్న ముక్క.

ఇప్పుడు స్మార్ట్‌ఫోన్‌ను తీసుకుందాం. అదీ కరెంటుతోనే నడుస్తుంది, కానీ లెక్క తలకిందులు. యాపిల్ తన ఫోన్లకు ఇచ్చే పర్యావరణ నివేదికల్లో చాలా నమూనాలకు తయారీ వాటాయే దాదాపు 80 శాతం ఉంటుంది. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. ఫోన్ బ్యాటరీలో పట్టేది సుమారు 13 వాట్-అవర్లు (వెయ్యి వాట్-అవర్లయితే ఒక యూనిట్). రోజూ నిండుగా ఛార్జ్ చేసినా, ఛార్జర్‌లో పోయేది కలుపుకొని ఏడాదికి ఆరు యూనిట్లు దాటదు. అదే ఫోన్‌లోని చిప్‌ల కోసం అత్యంత శుద్ధమైన సిలికాన్, రోజంతా గాలిని వడగట్టే గదులు, వందల కొద్దీ రసాయన ప్రక్రియలు కావాలి. (ఒక మాట: మనం ఫోన్‌లో వీడియో చూస్తుంటే ఎక్కడో సర్వర్లు, టవర్లు తినే కరెంటు ఈ లెక్కలో సాధారణంగా ఉండదు. హద్దు గీత ఎక్కడ గీశారో అడగాల్సింది ఇందుకే.)

కుర్చీ, బీరువా, పుస్తకం లాంటివి వాడకంలో ఏమీ తినవు. వాటి భారమంతా చెట్టు దగ్గరో గనిలోనో ఫ్యాక్టరీలోనో పడిపోయి ఉంటుంది. కాబట్టి మోటుగా చెప్పుకోదగ్గ సూత్రం ఒకటుంది: బతికినంత కాలం ఆకలితో ఉండే వస్తువుకు వాడకమే బరువు, ఆకలి లేనిదానికి పుట్టుకే బరువు. మొదటి చూపుకు ఇది చక్కగా పనికొస్తుంది. రెండో చూపులోనే ఇబ్బంది మొదలవుతుంది.

ఒకే కారు, మూడు జవాబులు

ఆ ఇబ్బంది కారు దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. కింది అంకెలు గుండ్రంగా చేసుకున్నవి, లెక్క తీరు చూపించడానికి మాత్రమే.

రెండు కార్లూ 2 లక్షల కిలోమీటర్లు తిరుగుతాయనుకుందాం. పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే దానికి 13,300 లీటర్ల పైచిలుకు కావాలి. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 31 టన్నుల దాకా పొగగొట్టం నుంచే. ముడిచమురు తీయడం, శుద్ధి చేయడం, పంపు దాకా చేర్చడం కలిపితే ఇంకో ఆరు టన్నులు వేసుకోవచ్చు. కారు తయారీకి ఏడు టన్నులు. మొత్తం 44 టన్నులు, అందులో వాడకం వాటా 80 శాతం పైనే.

ఎలక్ట్రిక్ కారుకు బ్యాటరీ కాక మిగతా బండికి అదే ఏడు టన్నులు వేద్దాం. 60 యూనిట్లు పట్టే బ్యాటరీకి, యూనిట్ సామర్థ్యానికి 80 కిలోల చొప్పున, దాదాపు అయిదు టన్నులు. రోడ్డెక్కకముందే 12 టన్నులు. బ్యాటరీ గురించి అడిగిన పెద్దమనిషి మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఇక నడపడానికి కిలోమీటరుకు 0.17 యూనిట్ చొప్పున 34,000 యూనిట్లు కావాలి.

ఆ కరెంటు ఎక్కడిదన్న దాన్ని బట్టి కథ మారుతుంది. బొగ్గు వాటా ఎక్కువగా ఉండి యూనిట్‌కు 0.7 కిలోలు వెలువడే చోట వాడకం భారం 24 టన్నులు, మొత్తం 36. పెట్రోలు కారు కంటే తక్కువే, కానీ ఇప్పటికీ వాడకానిదే పెద్ద వాటా. జలవిద్యుత్తు, అణువిద్యుత్తు, గాలిమరలతో యూనిట్‌కు 0.05 కిలోలే వెలువడే చోట వాడకం రెండు టన్నుల లోపు. మొత్తం 14 టన్నుల్లో 12 తయారీవే. పూర్తిగా బొగ్గుతో తీసిన కరెంటయితే, యూనిట్‌కు ఒక కిలో దాకా వెళ్తే, మొత్తం 46 టన్నులై పెట్రోలు కారును కాస్త దాటిపోతుంది.

స్క్రూ కూడా తేడా లేని ఒకే కారు. ఏ దశ బరువైనదో చెప్పింది మాత్రం కారు కాదు, గోడకున్న ప్లగ్గు వెనకాల ఉన్న విద్యుత్ కేంద్రం. కరెంటు శుభ్రపడుతున్న కొద్దీ బరువు మెల్లగా వెనక్కి, ఫ్యాక్టరీ వైపూ గని వైపూ జరుగుతుంది. భవనాల్లోనూ ఇదే జరుగుతోంది. ఒకప్పుడు ఇంటి జీవితంలో వేడికీ చల్లదనానికీ అయ్యే శక్తే దాదాపు అంతా అనుకునేవారు. మంచి కిటికీలు, గోడలు వచ్చి ఆ ఖర్చు తగ్గేకొద్దీ సిమెంటు, ఉక్కుల వాటా పైకి తేలుతోంది. పైగా సిమెంటుది మొండి సమస్య. దాని ఉద్గారాల్లో సగానికి పైగా ఇంధనం వల్ల వచ్చేవి కావు, సున్నపురాయి విడిపోయినప్పుడు రాతి నుంచే వెలువడేవి. కరెంటు ఎంత శుభ్రమైనా అవి పోవు.

కొలబద్ద మారితే దోషి మారతాడు

ఇప్పటిదాకా కార్బన్‌నే కొలిచాం. అది ఒక్కటే కొలత అయితే పని సులువయ్యేది.

లీవైస్ కంపెనీ 2015లో తన 501 జీన్స్ ప్యాంటు మీద వెలువరించిన లెక్క చూడండి. ఒక ప్యాంటు జీవితానికి 3,781 లీటర్ల నీరు. అందులో 68 శాతం పత్తి పండించడానికే, ఇంట్లో ఉతకడానికి 23 శాతం. అదే ప్యాంటుకు వాతావరణ భారం 33.4 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఇక్కడ మొదటి స్థానం వినియోగదారు ఉతుకుడుది, 37 శాతం. బట్ట నేత, అద్దకం వగైరా 27 శాతం. నీరు అడిగితే వేలు పొలం వైపు చూపిస్తుంది, కార్బన్ అడిగితే వాషింగ్ మెషిన్ వైపు.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం 2006లో చేసిన మదింపులో నూలు టీషర్టుకు సగానికి మించిన శక్తి వాడకంలోనే పోయింది. అయితే ఆ టీషర్టును 60 డిగ్రీల వేడినీటిలో ఉతికి, యంత్రంలో ఆరబెట్టి, ఇస్త్రీ చేస్తారన్నది అక్కడి ఊహ. ఎండలో ఆరేసేవారి టీషర్టుకు ఆ జవాబు అతకదు. నా ఉద్దేశంలో ఇలాంటి అధ్యయనాల్లో ముందు చదవాల్సింది ఫలితాలను కాదు, ఈ ఊహల పట్టికను.

సంచుల గొడవ ఇంకా విచిత్రం. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011 నివేదిక ప్రకారం, వాతావరణం దృష్ట్యా మామూలు పల్చటి ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో ఇలాంటి ప్రశ్నకే 52 సార్లు అంది. కానీ వాతావరణం ఒక్కటే కాక అన్ని పర్యావరణ కొలతలూ, అంటే సూచికలూ, కలిపి చూస్తే 7,100 సార్లు అని కూడా అంది. ఒకే నివేదికలో 52, 7,100 రెండూ ఎలా వచ్చాయి? రెండో అంకె అన్నిటికంటే కఠినమైన సూచికను పట్టుకుని వచ్చింది. అది ఓజోన్ పొర మీద ప్రభావం. పత్రికల్లో సహజంగానే 7,100 పతాక శీర్షికలకెక్కింది.

దీని మీద రెండు వైపులా సబబైన వాదనలున్నాయి. ఒక్క సూచిక కోసం మిగతా అన్నిటినీ పక్కన పెట్టడమేమిటని విమర్శకులు అడుగుతారు. గాలికి ఎగిరిపోయి కాలువల్లో, సముద్రంలో చేరే ప్లాస్టిక్ ఆ లెక్కలో లేదని గుర్తుచేస్తారు. మదింపు చేసినవారు, మాకు ఇష్టమైన సూచికను ఏరుకోకుండా అన్నీ ముందు పెట్టడమే నిజాయితీ అంటారు. ఇద్దరికీ ఒప్పందం ఉన్నది ఒక్కచోటే: నూలు సంచి బరువంతా అది పుట్టేటప్పుడే పడింది. దాన్ని పంచుకోవడానికి ఉన్న ఒకే దారి మళ్లీ మళ్లీ వాడటం.

రవాణా: కంటికి కనిపించేంత పెద్దది కాదు

లారీలు, ఓడలు కళ్ల ముందు కదులుతాయి కాబట్టి నేరం వాటి మీదికి తేలిగ్గా పోతుంది. ఆహారం విషయంలో ఇది తరచుగా తప్పవుతుంది. అమెరికా ఆహారం మీద 2008లో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనంలో రవాణా వాటా 11 శాతం, ఉత్పత్తి వాటా 83 శాతం. ప్రపంచవ్యాప్తంగా వేలాది పొలాల సమాచారంతో 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణలో రవాణా ఇంకా తక్కువ, ఆరు శాతం దగ్గర. విమానంలో వచ్చే సరుకు మాత్రం దీనికి మినహాయింపు. టన్ను సరుకును కిలోమీటరు మోయడానికి విమానం వెదజల్లే కార్బన్ ఓడ కంటే పదుల రెట్లు ఎక్కువ.

చెత్తలో దాక్కున్న బరువు

చివరి దశను చాలా లెక్కలు చిన్నచూపు చూస్తాయి, చాలా వస్తువులకు అది సరైనదే. అయితే కొన్నింటిలో ఆ చివరి రోజే కథను మార్చేస్తుంది.

చాలా ఏసీల్లో చల్లదనం కోసం నింపిన ఆర్-410ఎ వాయువు ఒక కిలో బయటికి వదిలితే, వందేళ్ల లెక్కలో అది 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. యూనిట్‌కు 0.7 కిలోల లెక్కన దాదాపు 3,000 యూనిట్ల కరెంటుతో సమానం. పాత ఫ్రిజ్‌లలోని ఆర్-12 అయితే కిలోకు పదివేల రెట్ల పైనే, అదీగాక ఓజోన్‌ను తినేస్తుంది. 1987 మాంట్రియల్ ఒప్పందం దాన్ని తప్పించింది ఇందుకే. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా కనిపించే ఐసోబ్యూటేన్‌కు ఆ విలువ మూడు దగ్గర. పాత ఏసీ విప్పే మనిషి ఆ వాయువును సిలిండర్‌లోకి పట్టాడా, పైపు కోసి గాలిలోకి వదిలాడా అన్న ఆ పది నిమిషాలు ఏళ్ల తరబడి వాడకంతో తూగగలవు.

ఎలక్ట్రానిక్ చెత్తది మరో రకం. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-చెత్త పోగయింది. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతం. మిగతా చోట్ల సీసం, పాదరసం నేలలోకి, మనుషుల ఒంట్లోకి వెళ్తాయి. కార్బన్ పట్టికలో ఇది కనిపించదు.

రీసైక్లింగ్ దగ్గర ఒక పద్దుల తగాదా కూడా ఉంది. అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడితే, ఖనిజం నుంచి కొత్తగా తీయడంతో పోలిస్తే 95 శాతం శక్తి మిగులుతుంది. ఆ మిగులు ఎవరిది? రీసైకిల్ అయ్యేలా బతికిన మొదటి డబ్బాదా, పాత లోహంతో పుట్టిన రెండో డబ్బాదా? మొదటిదానికి రాస్తే దాని చివరి దశ లాభంలో పడుతుంది, రెండోదానికి రాస్తే దాని ముడిసరుకు దశ తేలికవుతుంది. రెండు పద్ధతులకూ శాస్త్రీయంగా సమర్థన ఉంది. ఇద్దరికీ రాస్తే మాత్రం అది దొంగ లెక్క.

బరువు ఒకచోట, తాళంచెవి ఇంకోచోట

ఇవన్నీ విన్నాక డిజైన్ చేసేవారు ఒక మాట అంటారు: మీరు చెప్పిన దశలేవీ కావు, అన్నిటికంటే ముఖ్యమైనది కాగితం మీద గీత గీసే దశ. అది వెదజల్లే కార్బన్ దాదాపు సున్నా. కానీ ఏ లోహం, ఎంత మందం, మరమ్మతుకు విప్పవచ్చా, బ్యాటరీని అంటించేశారా అన్నవన్నీ అక్కడే తేలిపోతాయి. పర్యావరణ భారంలో 80 శాతం డిజైన్ దశలోనే ఖాయమవుతుందన్న వాక్యం ఐరోపా విధాన పత్రాల్లో పదే పదే కనిపిస్తుంది.

ఆ అంకె మీద నాకు నమ్మకం తక్కువ. తయారీ ఖర్చులో 80 శాతం డిజైన్ దశలోనే నిర్ణయమవుతుందన్న పాత నానుడికి ఇది తోబుట్టువులా ఉంది. ఆ నానుడిని అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 1990ల్లో పరీక్షకు పెట్టారు. కాఫీ మేకర్లను విప్పి, భాగం భాగం ఖర్చు కట్టారు. డిజైన్ ప్రభావం గట్టిదే, కానీ ఏ ఫ్యాక్టరీలో ఎలా చేస్తారన్న దాని ప్రభావమూ తీసిపారేసేది కాదని తేలింది. 80 అన్న అంకెను పక్కన పెట్టినా డిజైనర్ల వాదనలోని అసలు విషయం నిలుస్తుంది: బరువు పడే చోటూ, దాన్ని తగ్గించే తాళంచెవి ఉన్న చోటూ ఒకటే కానక్కరలేదు.

బట్టల సబ్బు పొడి దీనికి మంచి ఉదాహరణ. దాని జీవితచక్రంలో పెద్ద భారం పొడి తయారీది కాదు, ఇంట్లో నీళ్లు వేడి చేయడానిది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ 2005లో చన్నీటికి పనికొచ్చే టైడ్‌ను తెచ్చింది. బరువు వినియోగదారు ఇంట్లో ఉంది, తాళంచెవి ప్రయోగశాలలో ఉంది. అయినా చన్నీటి మీట నొక్కాల్సింది మళ్లీ ఇంట్లోనే. ఫలానా దశే ముఖ్యం అని ఎవరైనా గట్టిగా చెబుతుంటే, ఆ దశ వారి చేతిలోదా పక్కవాడి చేతిలోదా అని చూడటంలో తప్పులేదు.

పాత ఫ్రిజ్ మార్చాలా: లెక్క కట్టి చూద్దాం

మొదట్లో వదిలేసిన ఫ్రిజ్ దగ్గరికి వద్దాం. పాతది ఏడాదికి 600 యూనిట్లు తింటోంది, కొత్తది 250 తింటుంది. కొత్తదాని తయారీ భారం 300 కిలోలు అనుకుందాం.

బొగ్గు వాటా ఎక్కువున్న కరెంటుతో, అంటే యూనిట్‌కు 0.7 కిలోలతో, ఏడాదికి మిగిలేది 245 కిలోలు. తయారీ అప్పు ఏడాది మూడు నెలల్లో తీరిపోతుంది. శుభ్రమైన కరెంటుతో, యూనిట్‌కు 0.05 కిలోలతో, ఏడాదికి మిగిలేది పదిహేడున్నర కిలోలే. అప్పు తీరడానికి 17 ఏళ్లు.

పాత ఫ్రిజ్‌లో 150 గ్రాముల ఆర్-134ఎ ఉండి, పాత సామాను కొన్నవాడు దాన్ని గాలికి వదిలేశాడనుకుందాం. ఆ వాయువు విలువ కిలోకు 1,430. అప్పు మీద ఇంకో 215 కిలోలు చేరతాయి. బొగ్గు కరెంటు ఇంట్లో తీరే గడువు రెండేళ్లు దాటుతుంది. శుభ్రమైన కరెంటు ఇంట్లో 29 ఏళ్లవుతుంది, ఆ లోపు కొత్త ఫ్రిజ్ కూడా పాత సామాను కొట్టుకు చేరిపోతుంది.